సింగూరు లెక్క సగటుతో తేలదు

పటాన్‌చెరులో షిఫ్టుకెళ్తున్నారా, సంగారెడ్డిలో చదువుకుంటున్నారా? 2016 గుర్తు తెచ్చుకోండి. ఆ ఎండాకాలం సింగూరు అడుగంటింది. 29.91 టీఎంసీల ప్రాజెక్టు! సెప్టెంబరు ఆఖరుకల్లా అదే నిండి గేట్లెత్తారు. ఏడాది సగటులో ఈ రెండూ కనిపించవు.

మంజీరా పుట్టేది మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో. అక్కడా, కర్ణాటకలోనూ గట్టిగా కురిస్తే మనకు చినుకు లేకున్నా సింగూరుకు వరదే. అమీన్‌పూర్ వైపు చెరువుల పక్క కాలనీల కథ వేరు. అక్కడ ముంచేది మంజీరా కాదు, నెత్తిన పడ్డ కుండపోత, పూడిన నాలా. రెంటినీ ‘వరద’ అని ఒకే గాటన కట్టేస్తున్నాం.

వరద రోజుల్లో మామూలు శాటిలైట్ ఫొటో నిండా మబ్బులే. సెంటినెల్-1 రాడార్‌కు మబ్బు అడ్డం కాదు, డేటా ఉచితం. రోజూ మన మీదుగా రాదు, అదొక ఇబ్బంది. పైథాన్ వచ్చినవాళ్లు క్యూజీఐఎస్ కూడా పట్టండి. మొదటి ప్రాజెక్టు ఎక్కడో వద్దు, మీరు అద్దెకుంటున్న గల్లీ చాలు: చెరువు ఎఫ్‌టీఎల్ గీతకు లోపలా, బయటా?

నాకు ప్లాటు చూపించిన బ్రోకర్, ‘ఐదేళ్లుగా చూస్తున్నా, ఇటు నీళ్లు రావు సార్’ అన్నాడు. ఐదేళ్లే!