రవాణా కిరాయికివ్వండి, లెక్క ఇవ్వకండి

యాసంగి కోతలు మొదలయ్యాయంటే కామారెడ్డి జిల్లా బీర్కూర్ రోడ్ల మీద సగం వెడల్పు వడ్లదే. నిజాంసాగర్ నీళ్లకు బోర్లు తోడై బాన్సువాడ, వర్ని, బీర్కూర్ వైపు నాట్లు ముందే పడతాయి, కోతలూ ముందే వస్తాయి. ఆ రోజుల్లో ఊరంతా వెతికేది లారీ కోసమే. కొనుగోలు కేంద్రంలో కాంటా అయి కుట్టేసిన బస్తాలు నిట్టు కట్టి ఉంటాయి. హమాలీలు చెట్టు కింద కూర్చుంటారు. రైతు మబ్బు వైపు చూస్తుంటాడు. తెల్లారి పేపర్లో ఏటా వచ్చే శీర్షికే వస్తుంది: లారీల కొరత.

ఆ మాటలో నిజం సగమే. పది టైర్ల లారీ ఉజ్జాయింపుగా 18 టన్నులు మోస్తుంది. 40 కిలోల లెక్కన 450 బస్తాలు. మిల్లు పదిహేను కిలోమీటర్ల లోపు ఉంటే పొద్దున నిండిన బండి సాయంత్రానికి ఖాళీ అయి తిరిగి రావాలి. కానీ మిల్లు గేటు ముందు వరుస ఉంటుంది. తేమ 17 శాతం దాటిందని ఒక పూట, దించడానికి హమాలీలు చాలలేదని మరో పూట, బస్తాకు ఎంత తరుగు తీయాలన్న పంచాయితీతో ఇంకో పూట పోతే బండి మూడో రోజుకు గానీ బయటపడదు. మూడు రోజులకో ట్రిప్పు వేసే ముప్పై లారీలు రోజుకో ట్రిప్పు వేసే పది లారీలకు సమానం. కాంట్రాక్టర్‌ను మార్చినా, మిల్లు యజమాని కొత్తగా నాలుగు బండ్లు కొన్నా గేటు ముందు వరుస కదలకపోతే ఫలితం ఒకటే.

అందుకే రవాణా సొంతంగా చూసుకోవాలా, బయటివాళ్లకు అప్పగించాలా అని తలపట్టుకునే వ్యాపారి ముందు తన గేటు దగ్గర బండి ఎన్ని గంటలు ఆగుతోందో రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం లేకుండా చేసే బేరం గుడ్డిబేరమే.

ఇక ఖర్చు మాట. బీర్కూర్‌కూ బాన్సువాడకూ రైలు లేదు. బోధన్, నిజామాబాద్, కామారెడ్డి స్టేషన్లకు చేరాలన్నా రోడ్డే దిక్కు. సొంత లారీ అంటే కిస్తీ, డ్రైవర్ జీతం, బత్తా, టైర్లు, ఫిట్‌నెస్, మూడు నెలలకోసారి పన్ను. 20 టన్నులు దాటి 40 టన్నుల లోపు స్థూల బరువు ఉన్న కిరాయి సరుకు వాహనానికి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఏడాదికి 43,950 రూపాయలని, 2022 జూన్ నుంచి అమలయ్యేలా, కేంద్ర ప్రభుత్వం ఖరారు చేసింది. అంతకు ముందు 2018లో పది టైర్ల బండి స్థూల బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచడంతో ట్రిప్పుకు గిట్టుబాటు మెరుగైంది. అయినా లారీ తిరిగితేనే కదా గిట్టుబాటు! వానాకాలం పంటకు రెండు నెలలు, యాసంగికి రెండు నెలలు ఉరుకులాట. మిగతా కాలంలో బియ్యం, తవుడు, నూక పంపే పని ఉంటుంది, కానీ అంత ఉధృతంగా ఉండదు.

ఈ లెక్క రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సొంత చైన్ మిషన్ కొనుక్కుని తన ఐదెకరాలు కోసుకునే రైతు ఈ వైపు కనిపించడు. గంటకింతని మాట్లాడుకుని కిరాయికి తెచ్చుకుంటాడు. కానీ మిషన్ మడిలో దిగినప్పుడు గట్టు మీద నిలబడి గంటలు లెక్కపెట్టేది మాత్రం తానే. రవాణాను కిరాయికి ఇచ్చే వ్యాపారులు చాలామంది ఈ రెండో పనినే మరిచిపోతారు.

2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో చికెన్ దుకాణాల సంస్థ కేఎఫ్‌సీకి జరిగింది అలాంటిదే. చికెన్ చేరవేసే పనిని పాత సంస్థ బిడ్‌వెస్ట్ నుంచి తప్పించి డీహెచ్ఎల్‌కు ఇచ్చింది. కొత్త ఏర్పాటులో సరుకంతా రగ్బీ అనే ఊళ్లోని ఒకే గోదాము మీద ఆధారపడింది. కొద్ది రోజులకే అక్కడ సరఫరా చిక్కుపడింది. దాదాపు 900 దుకాణాల్లో సగానికి పైగా మూతపడ్డాయి. కోడి అమ్మే కొట్లో కోడి లేదు! మరుసటి నెలలోనే 350 దుకాణాల పనిని మళ్లీ బిడ్‌వెస్ట్‌కే ఇచ్చుకున్నారు. బయటివాళ్లకు ఇవ్వడం ఇక్కడ తప్పు కాదు, పాత సంస్థ కూడా బయటిదే. అంతా ఒకే గోదాము గుండా పోయేలా ఒప్పుకోవడమే కొంప ముంచింది.

అమెజాన్ ఎదురు దారిలో నడిచింది. 2013 క్రిస్మస్‌కు కొరియర్ సంస్థ యూపీఎస్ బండ్లు పార్శిళ్ల వరద తట్టుకోలేక చేతులెత్తేస్తే, అమెజాన్ తన ఖాతాదారులకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డులు ఇచ్చి బుజ్జగించుకుంది. ఆ తర్వాత సొంత రవాణా వ్యవస్థ కట్టుకుంటూ పోయి 2022 నాటికి అమెరికాలో ఇళ్లకు యూపీఎస్‌ను మించి పార్శిళ్లు అందించింది. అంత సరుకు ఏడాది పొడవునా ఉన్నవాళ్లకే ఆ దారి. బీర్కూర్ మిల్లుకు అమెజాన్ ఆదర్శం పనికిరాదు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పుకోవాలి.

మనకు దగ్గరి ఉదాహరణ ఆర్టీసీ. చాలా ఏళ్లు బస్సుల్లో పార్శిల్ వ్యాపారాన్ని ఓ ప్రైవేటు సంస్థకు వదిలేసిన తెలంగాణ ఆర్టీసీ 2020 జూన్‌లో కార్గో, పార్శిల్ సేవలను తానే మొదలుపెట్టింది. బస్సు ఎలాగూ బాన్సువాడ డిపో నుంచి హైదరాబాద్ పోతోంది, డ్రైవర్ జీతం ఎలాగూ ఇస్తున్నారు. ఖాళీ డిక్కీలో వేసిన మూటకు అదనపు ఖర్చు బహు స్వల్పం. చేతిలో ఉన్న చక్రాన్ని వాడుకున్నారు, కొత్త చక్రం కొనలేదు.

వడ్ల వ్యాపారంలో అలా చేతిలో ఉన్న చక్రం లారీ కాదు, ట్రక్ షీట్. కొనుగోలు కేంద్రం నుంచి ఏ బండిలో ఏ రైతు బస్తాలు ఎన్ని వెళ్లాయి, మిల్లులో ఎన్ని దిగాయి అన్నది ఆ కాగితం మీదే తేలుతుంది. మిల్లు వైపు నుంచి అది ఖరారైతేనే రైతు ఖాతాలో డబ్బు పడే దారి తెరుచుకుంటుంది. బండి రెండు రోజులు ఆగితే రైతు డబ్బూ రెండు రోజులు ఆగుతుంది. ఆ కాగితాన్ని డ్రైవర్ జేబులోనో, ట్రాన్స్‌పోర్టు గుమస్తా బల్ల సొరుగులోనో వదిలేసిన వ్యాపారి తన లెక్కనే పరాయి చేతిలో పెట్టినట్టు.

బీర్కూర్ స్థాయి మిల్లుకు ఈ శీర్షిక చెప్పే తీర్పు ఇది. ఏడాదంతా తిరిగే పని ఎంతుందో అంతవరకే సొంత బండి, అది ఒకటి కావచ్చు, రెండు కావచ్చు. సీజన్ రద్దీ మొత్తం కిరాయికే ఇవ్వాలి, అదీ ఒక్క ట్రాన్స్‌పోర్టుకు కాకుండా కనీసం ఇద్దరికి. ట్రిప్పుకింత అని రాసుకునే ఒప్పందంలో ఎన్ని గంటల్లో దించాలో, దాటితే హాల్టింగ్ ఖర్చు ఎవరు భరించాలో కూడా రాయాలి. ఆలస్యం మిల్లు వైపు నుంచి జరిగితే మిల్లే కట్టుకోవాలి. ఈ షరతుకు జంకే యజమాని తన గేటు సంగతి తనకు తెలుసని ఒప్పుకున్నట్టే. వడ్లు, బియ్యం మోసే కిరాయికి జీఎస్టీ లేదు కనుక పన్ను సాకుతో రేటు పెంచమన్నా వినక్కర్లేదు. యాసంగి వడ్లు మార్చి చివరి నుంచే కేంద్రాలకు వస్తాయి. మిల్లర్లు, ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఫిబ్రవరిలోనే కూర్చుని ఈ గంటల లెక్క తేల్చుకోవాలి.