కొట్టించినోడికి శిక్ష ఎప్పుడు?

ఎక్కడ ఏ ఘోరం జరిగినా అధికారంలో ఉన్నోడు చెప్పేది ఒకటే మాట: "నాకు తెలీదు, కిందోళ్లు చేశారు." కొట్టినోడు దొరుకుతాడు. కొట్టించినోడు దొరకడు. ఈ మాట చెల్లదని రుజువు చేసింది ఆఫ్రికాలోని చాద్ దేశపు బాధిత జనం. ఆ కేసు మనం తెలుసుకుని తీరాలి.

హిస్సేన్ హాబ్రే 1982 నుంచి 1990 దాకా చాద్‌ను ఏలాడు. అతని రహస్య పోలీసు సంస్థ పేరు డి.డి.ఎస్. రాజధానిలో ఒక పాత ఈతకొలను మీద కాంక్రీటు కప్పేసి జైలు గదులు కట్టారు. ఆ పాలనలో 40 వేలమంది చనిపోయి ఉంటారని 1992లో ఆ దేశపు విచారణ కమిషన్ అంచనా కట్టింది. మరి ఇతన్ని గడాఫీ మీదికి ఉసిగొల్పి, అండగా నిలిచిందెవరు? అమెరికా, ఫ్రాన్స్! 1987లో రీగన్ వైట్‌హౌస్‌కి పిలిచి మర్యాదలు చేశాడు. గద్దె దిగాక హాబ్రే సెనెగల్ పారిపోయి దర్జాగా బతికాడు.

అతన్ని బోనెక్కించిన కథ ఒక మామూలు ఉద్యోగితో మొదలైంది. సులేమాన్ గెంగెంగ్ లెక్కలు రాసుకునే మనిషి. రెండేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. బయటికొచ్చి మూల కూర్చోలేదు. తోటి బాధితుల్ని కలిసి 792 మంది గోడు కాగితం మీద పెట్టాడు. బెదిరింపులొస్తే ఆ కాగితాలు దాచాడు. వాటి బలంతోనే 2000లో బాధితులు డకార్ కోర్టు మెట్లెక్కారు.

2001లో డి.డి.ఎస్. పాత ఆఫీసులో ఫైళ్ల గుట్టలు బయటపడ్డాయి. వాటిలో 12,321 మంది బాధితుల వివరాలున్నాయి. అందులో 1,208 మంది నిర్బంధంలోనే చచ్చిపోయారు. ఖైదీల సంగతులు చెబుతూ నేరుగా హాబ్రేకే పంపిన కాగితాలు 1,265! ఇంకెక్కడి "నాకు తెలీదు"? కింది వాళ్ల నేరం తెలిసీ ఆపని అధికారి కూడా నేరస్థుడే. అంతర్జాతీయ చట్టం చెప్పేది ఇదే.

అయినా కోర్టులు ఊరికే కదల్లేదు. మా పరిధి కాదని సెనెగల్ కోర్టు 2001లో చేతులు దులుపుకుంది. బాధితులు బెల్జియం వెళ్లారు. విచారించండి, లేదా అప్పగించండని 2012లో అంతర్జాతీయ న్యాయస్థానం సెనెగల్‌కి తేల్చి చెప్పింది. అప్పుడు గానీ ప్రత్యేక కోర్టు పుట్టలేదు. 2016 మే 30న హాబ్రేకి యావజ్జీవ శిక్ష పడింది. 2017లో అప్పీలు కోర్టూ దాన్ని ఖాయం చేసింది. ఖైదీగానే 2021లో పోయాడు.

అంతా గెలుపేనా? కాదు. అండగా నిలిచిన పెద్ద దేశాల వాళ్లెవరూ బోనెక్కలేదు. కోర్టు వేసిన నష్టపరిహారంలో కొంతైనా చేతికందడానికి 2024 దాకా ఆగాల్సొచ్చింది. 1998లో రోమ్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టానికి 120 దేశాలు ఓటేస్తే అమెరికా ఎదురు తిరిగింది. మన భారతదేశం ఓటెయ్యకుండా తప్పుకుంది. ఈనాటికీ అందులో చేరలేదు. ఎవర్ని కాపాడ్డానికి ఈ దూరం? అడగాల్సిన బాధ్యత మనది కాదా?

చట్టం బలహీన దేశాల నాయకుల మీదే పనిచేస్తుందనేది నిజమే. అలాగని దాన్ని అవతల పారేస్తే సంబరపడేది ఏలినవాళ్లే. చాద్ బాధితులు తమకి అందిన చట్టాన్నే పట్టుకుని దేశదేశాలు తిరిగారు. కోర్టు తలుపు తెరిచేదాకా వాళ్ల దగ్గరున్న ఆయుధం రాసిపెట్టిన కాగితమే. పేరు రాయండి, తేదీ రాయండి, ఆర్డరిచ్చిందెవరో రాయండి. కాగితాన్ని కాపాడండి. చదువుకున్న ప్రతి ఒక్కరూ చెయ్యాల్సిన మొదటి పని ఇదే.