కిర్రుమన్నదానికల్లా కందెనా?

బండి కిర్రుమంటే ఇరుసుకు కందెన రాయడం మన తాతలనాటి పద్ధతి. కొత్త కారుకు అది చాలదు. ముందుగా శబ్దం పుట్టిన చోటు కనిపెట్టాలి. గతుకుల మీదనే వినవస్తే తలుపు రబ్బరుదో, లోపలి ప్లాస్టిక్ పలకలదో కావచ్చు. చక్రం తిరిగే లయతో వినవస్తే బ్రేకును అనుమానించాలి.

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్, సముద్రతీర పట్టణం. అక్కడి ఉప్పుగాలికీ, వానతేమకూ ఇనుప బ్రేకు డిస్కుపై ఒక్క రాత్రిలోనే పలుచని తుప్పు పట్టగలదు. ఉదయపు కీచుధ్వని తరచు దానిదే. మెల్లగా పోతూ నాలుగైదుమార్లు బ్రేకు వేస్తే ఆ తుప్పు రాలిపోతుంది. అప్పటికీ శబ్దం ఆగకుంటే మెకానిక్‌కు చూపవలసిందే. డిస్కుకు నూనె మాత్రం చుక్కయినా తగలరాదు. ఇరుసుకు రాపిడి శత్రువు. బ్రేకుకు రాపిడే ప్రాణం.