కేరాఫ్ 99 ఏపీఓ

బోడుప్పల్‌లో ఈమధ్య కన్నుమూసిన మా మిత్రుణ్ని నేను కళ్లారా చూసింది నాలుగుసార్లే. ఆయన ఉత్తరాలు మాత్రం యాభై ఏళ్లు చదివాను. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున పోరాడిన జవాను ఆయన. అప్పట్లో ఆయన చిరునామాలో ఊరి పేరుండేది కాదు. ‘కేరాఫ్ 99 ఏపీఓ’ (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. సైనికుడు ఎక్కడున్నదీ కవరు మీద కనబడకూడదు కదా. డిసెంబర్ 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలయ్యాయి. సుమారు 93 వేల మంది పాకిస్తానీలు బందీలయ్యారు. ఇది పుస్తకాల్లో ఉంది. ఆయన నీలిరంగు ఇన్‌లాండ్ లెటర్‌లో ఉన్నది వేరు: ఆరని బూట్లు, పక్కన ఖాళీ అయిన మంచం, రోడ్డు మీద తల్లిని వెతుక్కుంటున్న ఒక పిల్లాడు. ఆ పిల్లాడి పేరడగలేదే అని ముప్పై ఏళ్ల తర్వాత కూడా రాశారు. పతకం రాని సైనికుడి యుద్ధం ఇలాంటి కాగితాల్లోనే మిగులుతుంది, మనం వాటిని చరిత్రగా లెక్కపెట్టకపోవడం పెద్ద తప్పు. మీ ఇంటి అటక మీద అలాంటి ఉత్తరాల కట్ట ఉంటే, దయచేసి పాత కాగితాల కింద అమ్మేయకండి. ఒక్కసారి విప్పి, పిల్లలకు చదివి వినిపించండి.