చేతికి అనువైన సూది



చలికాలం వచ్చిందంటే మీలో కొందరికి ఊలు అల్లిక నేర్చుకోవాలని సరదా పుడుతుంది. పెద్దవాళ్లు బజారుకు వెళ్లి నిగనిగలాడే అల్యూమినియం సూదుల జత తెచ్చిపెడతారు. రెండు వరుసలు అల్లేసరికి కుట్లు జారిపోతాయి. ఎక్కిస్తే మళ్లీ జారుతాయి. మూడోనాటికి సూదులు అటకెక్కుతాయి. "నీ చేతికి పని పట్టుబడదులే" అని ఇంట్లో ఒక మాట కూడా పడుతుంది. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు చేతిది కాదు, సూదిది.

(నరసాపురం లేసు అల్లేవారు వాడేది కొక్కెం ఉన్న ఒంటి సూది. నేను చెప్పేది స్వెట్టరు అల్లే జంట సూదుల సంగతి.)

నున్నని లోహంమీద ఊలు తేలికగా జారుతుంది. చెయ్యి తిరిగినవారికి అది మంచిదే, పని త్వరగా సాగుతుంది. కొత్తవారికి అదే చిక్కు. వెదురు సూదిమీద, కర్ర సూదిమీద ఊలు కాస్త పట్టుకుని ఉంటుంది.

రేపు తెల్లవారగానే ఒక స్టీలు గ్లాసునూ, చెక్కబల్లనూ ముట్టుకుని చూడండి. గ్లాసే చల్లగా తోస్తుంది గదా! కాని రాత్రంతా ఒకే గదిలో ఉన్న ఆ రెండింటి ఉష్ణోగ్రతా ఒక్కటే. లోహం మీ వేలి వేడిని చప్పున లాగేసుకుంటుంది. చెక్క అలా లాగలేదు. అల్యూమినియం చెక్కకంటె వెయ్యి రెట్లకు పైగా బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. వేళ్ల కీళ్లు పట్టేసే మామ్మగార్లు చాలామంది చలిపొద్దున కర్ర సూదులే కావాలనడానికి ఇదొక కారణం. అవి తేలిక కూడాను.

అయితే వెదురుకూ ఒక హద్దున్నది. 2 మిల్లీమీటర్ల సన్నసూది వెదురుదైతే పుటుక్కున విరగవచ్చు. అక్కడ స్టీలే దిక్కు.

ఇక నంబర్ల తికమక. పాత ఇంగ్లీషు లెక్కలో 8వ నంబరు సూది లావు 4 మిల్లీమీటర్లు, 14వ నంబరుది 2. అంటే తీగల గేజిలాగే, అంకె పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది! అమెరికావారి లెక్క దీనికి తలకిందులు. కాబట్టి దుకాణంలో మిల్లీమీటర్లలోనే అడగండి. మొదటిసారికి మధ్యరకం ఊలు, 4 మిల్లీమీటర్ల వెదురు సూదులు చాలును.

పెద్ద స్వెట్టరు అల్లేవారికి మణికట్టు నొప్పి ఎందుకు పుడుతుంది? నీళ్ల బకెట్టును చేత్తో పట్టుకోవడం వేరు, బారెడు కర్ర చివర తగిలించి పట్టుకోవడం వేరు. పొడుగు సూదిమీద అల్లిక బరువంతా అలాగే చేతికి దూరంగా వేలాడుతుంది. రెండు పొట్టి సూదులను సన్నని మెత్తని తీగతో కలిపిన రకం ఒకటి ఉన్నది. దానితో అల్లితే బరువు ఒడిలోకి దిగుతుంది. పెద్దలు కొనేటప్పుడు తీగ అతుకుచోటును గోటితో రాసి చూడాలి. గోరు తగులుకుంటే ఊలూ తగులుకుంటుంది.

వెదురు సూదికి పెచ్చు లేస్తే పారవేయకండి. సన్నరకం గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, కాస్త కొవ్వొత్తి మైనం పూసి, పాత గుడ్డతో తుడిస్తే మళ్లీ పనికి వస్తుంది.