పండుగ పేరు పలకడానికి పేచీ ఎందుకు?

డిసెంబరు నెల వచ్చిందంటే అమెరికాలో ఏటా ఒక తగవు లేస్తుంది. గట్టు తగవు కాదు, నీళ్ల తగవు కాదు. ఎదురైన మనిషిని ఏమని పలకరించాలన్నదే ఆ తగవు. "మెర్రీ క్రిస్మస్" అనితీరాలని కొందరు, "హ్యాపీ హాలిడేస్" అంటే చాలునని మరికొందరు. దుకాణాల్లో, బడుల్లో, పురపాలక సంఘాల్లో, టెలివిజన్ చర్చల్లో, చివరకు 2016 అధ్యక్ష ఎన్నికల సభల్లో కూడా ఈ మాట మీద వాదోపవాదాలు జరిగాయి.

"అమెరికా వాళ్ల గొడవ మనకెందుకయ్యా?" అని రచ్చబండ దగ్గర ఎవరైనా అడగవచ్చు. చదువుకనో కొలువుకనో మన పల్లెల నుంచి ఆ దేశం వెళ్లిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లు ఆ తగవు మధ్యనే కాపురాలు చేస్తున్నారు. అదీగాక, ఆ తగవు చిన్న రూపంలో మన ఊళ్లలోకీ వస్తోంది. అంచేత కాస్త వివరంగా చెప్పుకోవడం మంచిది.

పేచీ ఏమిటి?

"మెర్రీ క్రిస్మస్" అంటే క్రిస్మస్ పండుగ సంతోషంగా జరుపుకోండి అని. "హ్యాపీ హాలిడేస్" అంటే ఈ పండుగ రోజులు హాయిగా గడపండి అని. రెండూ మేలు కోరే మాటలే. మొదటి దానిలో పండుగ పేరుంది, రెండో దానిలో లేదు. తేడా అంతే.

పేరు లేకుండా చెప్పవలసిన అవసరం ఎందుకొచ్చింది? ఆ చలిరోజుల్లో అక్కడ జరిగేది క్రిస్మస్ ఒక్కటే కాదు. యూదులకు హనుక్కా ఉంది. పూర్వం యెరూషలేములోని తమ దేవాలయాన్ని తిరిగి శుద్ధి చేసుకున్నందుకు గుర్తుగా వారు ఎనిమిది రాత్రులు దీపాలు వెలిగిస్తారు. తొలి రాత్రి ఒకటి, మలి రాత్రి రెండు, అలా రోజుకొకటి పెంచుతూ పోతారు. మన పండుగల మాదిరే అదీ చంద్రుడి లెక్కను పట్టి వచ్చేది కనుక ఇంగ్లీషు తేదీ ఏటేటా మారుతుంది. ఆఫ్రికా సంతతి వారిలో కొందరు డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా క్వాంజా జరుపుకుంటారు. దాన్ని 1966లో మౌలానా కరెంగా అనే ఆయన ప్రారంభించాడు. ఆపైన కొత్త సంవత్సరం. ఇక హిందువులు, ముస్లిములు, సిక్కులు, బౌద్ధులు, ఏ మతమూ లేదనేవారు సరేసరి.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అమ్మాయికి సరుకు కొనడానికి వచ్చినవాడు ఎవరో తెలియదు. నుదుట రాసి ఉండదు గదా! అందుకని అందరికీ సరిపడే మాట ఒకటి వాడుకలోకి వచ్చింది.

కొత్తగా పుట్టిన మాటేం కాదు

క్రిస్మస్ పేరును తుడిచేయడానికే ఈ మాటను ఈమధ్య పుట్టించారని కొందరి ఆరోపణ. 2005లో జాన్ గిబ్సన్ అనే టీవీ వ్యాఖ్యాత "క్రిస్మస్ మీద యుద్ధం" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకమే రాశాడు. చరిత్ర చూస్తే సంగతి వేరుగా ఉంది.

1942లో వచ్చిన "హాలిడే ఇన్" అనే సినిమాలో "హ్యాపీ హాలిడే" అన్న పాట ఉంది. అదే సినిమాలో "వైట్ క్రిస్మస్" పాట కూడా ఉంది. క్రిస్మస్ పాటల్లో లోకమంతా ఎరిగిన పాట అది. ఈ రెండూ కట్టినవాడు ఒక్కడే, ఇర్వింగ్ బెర్లిన్. ఆయన యూదుడు, చిన్నతనంలోనే రష్యా నుంచి వలస వచ్చినవాడు. అంటే పేరు పెట్టి చెప్పడమూ, పేరు లేకుండా చెప్పడమూ ఒకే చేతి మీదుగా, ఒకే సినిమాలో వచ్చాయి. అప్పట్లో ఎవరికీ అది యుద్ధంగా తోచలేదు. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పంపిన శుభాకాంక్షల కార్డు మీద కూడా క్రిస్మస్ పేరు లేదు. ఈ రుతువుకు శుభాకాంక్షలు అని మాత్రమే ఉంది. ఆ మాటకొస్తే "హాలిడే" అన్న మాట పుట్టిందే "పవిత్రమైన రోజు" అనే అర్థంలోంచి.

ఇంకా వెనక్కి వెళితే మరో విచిత్రం. 1659లో మసాచుసెట్స్ వలస రాజ్యంలో క్రిస్మస్ జరుపుకున్నవారికి 5 షిల్లింగుల జరిమానా విధించారు. ఆ చట్టం చేసినవారు నికార్సయిన క్రైస్తవులే! బైబిలులో లేని పండుగ, తాగి తందనాలాడే పండుగ అని వారి అభ్యంతరం. 1681లో ఆ చట్టం రద్దయింది. 1870లో గాని రాజధాని వాషింగ్టన్‌లోని కేంద్ర ఉద్యోగులకు క్రిస్మస్ సెలవుదినం కాలేదు. కనుక క్రిస్మస్‌ను ఆపజూసినవారు ఒకప్పుడు ఉన్న మాట నిజమే గాని, వారు పరాయి మతస్థులు కారు.

ఇద్దరి గోడూ వినాలి

అలాగని పేరు పలకాలనేవారి బాధను కొట్టిపారేయరాదు. డిసెంబరు నెల పొడుగునా క్రిస్మస్ పేరు చెప్పి సరుకు అమ్ముకుంటూ, తీరా పలకరింపు దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు నాలుక మీదికి రాకపోతే భక్తుడికి కష్టంగానే ఉంటుంది. పెళ్లి భోజనం తిని పెళ్లికొడుకు పేరు అడగనట్టు ఉంటుంది.

బోస్టన్ నగరంలో జరిగిందే చూడండి. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి దాదాపు రెండు వేల మంది చనిపోయారు. బోస్టన్ ప్రజలు ఆ రాత్రే రైలులో డాక్టర్లను, మందులను పంపారు. ఆ మేలు మరవకుండా నోవాస్కోషియా రాష్ట్రం 1971 నుంచి ఏటా బోస్టన్‌కు ఒక పెద్ద క్రిస్మస్ చెట్టును కానుకగా పంపుతోంది. 2005లో బోస్టన్ నగరపాలక సంస్థ ప్రకటనలో దాన్ని "హాలిడే చెట్టు" అన్నారు. చెట్టు ఇచ్చిన ఆసామి నొచ్చుకున్నాడు. నొచ్చుకోడా మరి? అతను ఇచ్చింది క్రిస్మస్ చెట్టు. చివరకు నగర మేయరే, తాను దాన్ని క్రిస్మస్ చెట్టు అనే అంటానని చెప్పవలసి వచ్చింది. ఉన్న పేరును దాచడం మర్యాద అనిపించుకోదు.

రెండో పక్షం గోడు కూడా వినండి. యూదుల పిల్లవాడికి ఎవరో ఒకసారి "మెర్రీ క్రిస్మస్" అంటే వచ్చిన నష్టమేమీ లేదు. కాని బడిలో, బజారులో, కచేరీలో, ఏటా, అందరూ తనది కాని పండుగనే తన పండుగ అనుకుంటూ ఉంటే, పుట్టిన ఊళ్లోనే తాను చుట్టపుచూపుగా వచ్చినట్టు ఆ పిల్లవాడికి తోస్తుంది. తగవు అసలు మూలం ఇక్కడ ఉంది. ఈ ఊరు ఎవరిది, ఇందులో ఎవరికెంత చోటు అన్నదే అసలు ప్రశ్న.

కోర్టు ఏమన్నది?

ఏ మతాన్నీ ప్రభుత్వ మతంగా చేయరాదనీ, ఎవరి మతాచరణనూ అడ్డుకోరాదనీ అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ చెబుతోంది. అది 1791 నుంచి అమలులో ఉంది. దాన్ని ఆధారం చేసుకుని ఈ పండుగ తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్ పట్టణంలో పురపాలక సంఘం క్రిస్మస్ తాత, దుప్పులు, దీపాల చెట్టు మధ్యలో బాలయేసు పశువుల పాక బొమ్మలను కూడా పెట్టింది. పండుగ అలంకారంలో భాగమే కనుక తప్పులేదని 1984లో కోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులు అవునన్నారు, నలుగురు కాదన్నారు.

1989లో పిట్స్‌బర్గ్ కేసు వచ్చింది. 1970లలో మన వేంకటేశ్వరస్వామి గుడి వెలసింది ఆ నగరం పక్కనే. అక్కడ కౌంటీ న్యాయస్థాన భవనంలో, ప్రధానమైన మెట్ల మీద, బాలయేసు బొమ్మలను మాత్రమే పెట్టారు. అది ప్రభుత్వం ఒక మతాన్ని నెత్తిన పెట్టుకోవడమేనని కోర్టు అన్నది. అదే కేసులో మరో ప్రభుత్వ భవనం బయట 45 అడుగుల క్రిస్మస్ చెట్టు, దాని పక్కనే యూదుల 18 అడుగుల దీపస్తంభం, స్వేచ్ఛను గురించిన ఒక ఫలకం పెట్టారు. దానికి అభ్యంతరం లేదన్నది.

ఆ తీర్పులను తప్పుపట్టే న్యాయవాదులు అక్కడ నేటికీ ఉన్నారు. కాని వాటిలో పామరుడికి కూడా అర్థమయ్యే న్యాయం ఒకటుంది. ఎవరి ఇంట్లో, గుడిలో, చర్చిలో వారి పండుగ వారి ఇష్టం. అందరి పన్నులతో నడిచే కచేరీ గుమ్మంలో మాత్రం ఒక్కరి పీటే వేయరాదు.

మన దీపావళి సంగతి

ఆ న్యాయం వల్ల మనవారికి ఒరిగిందేమిటో చూడండి. అమెరికా తపాలా శాఖ 1962లో తొలిసారి క్రిస్మస్ బిళ్ల వేసింది. 1996లో హనుక్కాకు, 1997లో క్వాంజాకు, 2001లో ముస్లిముల ఈద్‌కు వేసింది. 2016లో దీపావళి ప్రమిద కూడా బిళ్లకెక్కింది. దీపావళి వచ్చిందని క్రిస్మస్ బిళ్ల ఆగిపోలేదు. 2003లో శ్వేతభవనంలో దీపావళి వేడుక మొదలైంది. 2009లో అధ్యక్షుడు ఒబామా స్వయంగా దీపం వెలిగించారు. 2023లో న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలలకు దీపావళి సెలవు ఇస్తూ చట్టం చేశారు.

ఈ కబుర్లు విన్నప్పుడల్లా మనం ఎంత మురిసిపోతామో అందరికీ తెలిసిందే. మనవరాలి పంతులమ్మ "హ్యాపీ దీవాలీ" అన్నదని ఫోనులో వింటే ఇక్కడ తాతగారు నలుగురికీ చెప్పుకుంటారు. మురవవలసిందే. అయితే అక్కడ హిందువులు కొద్దిమంది, ఇక్కడ ఎక్కువమంది. కొద్దిమందిగా ఉన్నచోట మనం కోరుకున్న మర్యాదను, ఎక్కువమందిగా ఉన్నచోట ఇతరులకు ఇస్తున్నామా? ఈ వ్యాసంలో అడగదలచుకున్నది ఇదొక్కటే. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు మరో కుంచం పనికిరాదు.

మన ఊళ్ల మాట

మన పల్లెల్లో కూడా డిసెంబరు ఒక్క పండుగ నెల కాదు. 16వ తేదీ ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై, వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు. రాత్రిళ్లు పేటలో కాగితపు నక్షత్రాలు, ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటల బృందాలు. నెల తిరిగేసరికి సంక్రాంతి. పీర్ల పండుగనాడు పీరుకు నీళ్లు పోసే హిందువులు ఎందరో ఉన్నారు. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిములు వెళ్లడం పేరు పొందిన ఆచారం. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చికి క్రిస్మస్‌నాడు అన్ని మతాలవారూ వెళతారు. ఇవన్నీ ఎవరూ చట్టం చేసి తెచ్చినవి కావు.

అయితే ఇటీవల గాలి కొంత మారింది. డిసెంబరు రాగానే, క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పవద్దని సెల్‌ఫోనుల్లో సందేశాలు తిరుగుతున్నాయి. ఇంకోవైపు సంక్రాంతి అరిసె పుచ్చుకోవద్దని, ప్రసాదం ముట్టవద్దని బోధించేవారూ అక్కడక్కడ ఉన్నారు. ఎవరి నియమం వారిది. ప్రసాదం వద్దనుకున్నవారిని బలవంతపెట్టరాదు. కాని శుభం కోరే మాటకు మైల ఎక్కడిది? పక్కింటివాడి పండుగ బాగుండాలని కోరినంతమాత్రాన మన దేవుడు అలుగుతాడా?

అమెరికా తగవు నుంచి మనం నాలుగు మాటలు పట్టుకుంటే చాలు.

ఎదుటి మనిషి తెలిసినవాడైతే అతని పండుగను పేరు పెట్టి చెప్పండి. అబ్దుల్‌కు ఈద్ అని, ఏసుదాసుకు క్రిస్మస్ అని, సుబ్బయ్యకు సంక్రాంతి అని. ఊళ్లో పుట్టి పెరిగి, ఎదురింటివారి పండుగ ఏమిటో తెలియదనడం మర్యాద కాదు.

ఎవరో తెలియని కొత్తవారైతే "పండుగ శుభాకాంక్షలు" అంటే సరిపోతుంది. దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోనక్కరలేదు.

పంచాయతీ కచేరీలో, సర్కారు బడిలో శుభాకాంక్షల బోర్డు కడితే ఊళ్లో ఉన్న ప్రతి పండుగకూ వంతు ప్రకారం కట్టాలి. కట్టకపోతే ఎవరికీ కట్టరాదు. సర్పంచులు, ప్రధానోపాధ్యాయులు ఈ సంగతి ఆలోచించవలసి ఉంది.

ఇక నాలుగోది వినేవారికి. ఎవరైనా మీది కాని పండుగ పేరుతో పలకరించినా, పేరు లేకుండా పలకరించినా, ఆ మాట వెనుక ఉన్న మనసును తీసుకోండి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు పలకరింపులో తప్పులు ఏరుతూ కూర్చుంటే చివరకు పలకరించేవారే ఉండరు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ డిసెంబరులో పేటలో నక్షత్రం వెలిగినప్పుడు వీధిలోవారు ఒక మాట పలకరించాలి. జనవరిలో వీధిలో భోగిమంట వేసినప్పుడు పేటవారు ఒక మాట పలకరించాలి. అమెరికాలో మన పిల్లలకు దక్కాలని మనం కోరుకునే గౌరవానికి తొలి మెట్టు మన గుమ్మం ముందే ఉంది.