ఆజ్ఞ గొప్పదా? అంతరాత్మ గొప్పదా?

నాయకత్వం మీద మన కాలేజీల్లో ఉపన్యాసాలకు కొదవ లేదు. వక్త ఎవరైనా సరే, నాయకుడంటే ఆజ్ఞాపించేవాడనీ, తక్కినవాళ్లు దాన్ని శిరసావహించేవాళ్లనీ ముందే ఒప్పేసుకుని మొదలుపెడతాడు. మరి ఆజ్ఞ అందుకున్నవాడి సంగతేమిటి? వాడికి మనస్సాక్షి ఉండదా? పరాయి పాలన నాటి మన చరిత్రను ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుని చదవాలన్నది నా అభిప్రాయం.

1919 ఏప్రిల్ 13. అమృతసర్‌లో జలియన్‌వాలా బాగ్. డయ్యర్ కాల్చమన్నాడు. సుమారు పది నిమిషాల్లో 1,650 తూటాలు పేలాయి. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది చచ్చిపోయారు. గుంపును చెదరగొట్టడంతో సరిపెట్టక, పంజాబంతటా 'నైతిక ప్రభావం' కలిగించాలనే కాల్చానని డయ్యర్ హంటర్ కమిటీ ఎదుట దాపరికం లేకుండా చెప్పాడు. నీతి అనే మాటకు ఇంతకన్న అవమానం ఉంటుందా! ఉద్యోగం పోయింది నిజమే. కాని అతని కోసం ఇంగ్లండులో ఒక పత్రిక చందాలు పోగుచేస్తే 26 వేల పౌండ్లకు పైగా వచ్చాయి.

డయ్యర్‌ను తిట్టుకుని మనం ఊరుకుంటాం. కాని ఆనాడు తుపాకులు పేల్చింది తెల్ల సోల్జర్లు కారు. గూర్ఖాలూ, ఇతర దేశీయ సిపాయిలూను. వాళ్లు రాక్షసులా? కానే కాదు. ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలున్న మామూలు మనుషులు. ఆజ్ఞ వింటే ఆలోచన మానెయ్యాలని నేర్చుకున్నవాళ్లు, అంతే.

పదకొండేళ్లు గడిచాయి. 1930 ఏప్రిల్ 23. పెషావర్‌లో కిస్సా ఖ్వానీ బజారు. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను అరెస్టు చేశారని జనం వీధుల్లోకొచ్చారు. వాళ్లకు ఎదురుగా రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ దళాన్ని నిలబెట్టారు. గుంపులో ఎక్కువమంది ముస్లిం పఠానులు, సిపాయిలు కొండ ప్రాంతపు హిందువులు. హిందువు ముస్లింను కాల్చడానికి వెనుదియ్యడని దొరల లెక్క. కాల్చమని ఆజ్ఞ అయింది. చంద్రసింగ్ గఢ్వాలీ అనే హవల్దారు కాల్చొద్దన్నాడు. తుపాకులు దిగిపోయాయి! వేరే దళాలు కాల్చాయి, రక్తం పారింది, అది వేరే సంగతి. గఢ్వాలీ సిపాయిలను కోర్టు మార్షల్ చేశారు. చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది. 1941లో విడుదలయ్యే నాటికి పదకొండేళ్లు జైళ్లలో గడిచిపోయాయి.

ఇంతవరకూ చెబితే చప్పట్లు కొడతారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ అవిధేయతను సాక్షాత్తు గాంధీజీయే సమర్థించలేదు! 1931 నాటి గాంధీ-ఇర్విన్ ఒడంబడికలో రాజకీయ ఖైదీలకు విడుదల దొరికింది గాని, ఆజ్ఞ ధిక్కరించిన సిపాయిలకు దొరకలేదు. 1932లో ఒక ఫ్రెంచి పత్రికలో వచ్చిన సంభాషణలో ఆయన దీనికి కారణం చెప్పారు. రేపు మనకు అధికారం వస్తే ఈ సిపాయిలతోనే పని చేయించుకోవాలి, ఇవాళ అవిధేయత నేర్పితే రేపు మన మాటా వినరు గదా అని. సైన్యంలో చేరవద్దనీ, చేరినవాళ్లు వదిలి రావాలనీ 1921లోనే రాసిన మనిషి ఆయన. కొలువు మానెయ్యి, కొలువులో ఉంటే మాత్రం మాట తప్పకు. అదీ ఆయన ధర్మం.

ఈ వాదాన్ని తీసిపారెయ్యడం తేలిక కాదు. సైన్యం తన ఇష్టం వచ్చినప్పుడు వినడం, లేనప్పుడు మానడం మొదలుపెడితే ప్రజాప్రభుత్వం నిలబడుతుందా? అయినా నేను గాంధీజీతో ఏకీభవించలేను. తుపాకీ గురిపెట్టి నిలబడ్డవాడికి రాజీనామా కాగితం రాసుకునే వ్యవధి ఎక్కడిది? వేలు నొక్కడమా, మానడమా, ఆ రెండే దారులు.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1784లో ఒక మధ్యేమార్గం సూచించాడు. అధికారి విధిలో ఉండగా పైవాడి ఆజ్ఞ మీద చర్చ పెట్టకూడదు. తర్వాత పండితుడిగా సైనిక వ్యవస్థ లోపాలను లోకానికి రాసి చెప్పుకోవచ్చు. బాగానే ఉంది. పనికిమాలిన ఆజ్ఞ విషయంలో ఈ ఏర్పాటు చెల్లుతుంది. కాని నిరాయుధులను కాల్చి, ఆనక వ్యాసం రాస్తే పోయినవాళ్లు లేచొస్తారా? లక్షల మంది యూదులను చావుకు తరలించిన ఐక్‌మన్ 1961లో జెరూసలెం న్యాయస్థానంలో, తాను కాంట్ చెప్పిన కర్తవ్యాన్నే పాటించానన్నాడు. కర్తవ్యంలోంచి ఆలోచనను తీసేస్తే మిగిలేది అదీ!

మరి గీత ఎక్కు పెట్టేవాళ్లున్నారు, యుద్ధరంగంలో ప్రశ్నలేమిటని. అర్జునుడు అడగబట్టే గదా గీత పుట్టింది! అంతా చెప్పి కృష్ణుడు ఆఖరున బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమనే అన్నాడు.

నా దృష్టిలో గీటురాయి ఇది. యుద్ధం నచ్చలేదనో, దొర నచ్చలేదనో తుపాకీ దించడం వేరు, ఎదుటివాడి చేతిలో ఆయుధం లేదని దించడం వేరు. గఢ్వాలీలు తుపాకులను తమ అధికారుల మీదికి తిప్పలేదు. పారిపోలేదు. శిక్షకు తలవంచారు. అందుకే అది తిరుగుబాటు కన్న పెద్దది, క్రమశిక్షణ కన్న కూడా పెద్దది. పైవాడు చెప్పాడన్నంత మాత్రాన, కాదనే అవకాశం నిజంగా ఉన్నవాడికి నేరం మాసిపోదని న్యూరెంబర్గ్ విచారణల సారాన్ని 1950లో ఐక్యరాజ్యసమితి న్యాయనిపుణులు సూత్రంగా రాశారు. ఒక హవల్దారు దాన్ని ఇరవై ఏళ్ల ముందే బజారులో నిలబడి ఆచరించాడు.

కాలేజీల్లో తత్వశాస్త్రం ఒక గదిలో, చరిత్ర ఇంకో గదిలో చెబుతారు. కాంట్‌ను చదివేవాడు పెషావర్ పేరు వినడు, పెషావర్ తారీఖు బట్టీపట్టేవాడు అది నీతి ప్రశ్న అనుకోడు. ఈ గోడ కూలాలి. మిత్రులారా! రేపు మనలో కొందరం ఆఫీసర్లమవుతాం, చాలామందిమి ఆఫీసర్ల కింద గుమాస్తాలమవుతాం. చేతిలో తుపాకీ లేకపోవచ్చు, కలం ఉంటుంది. పైనుంచి వచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు, అది ఎవరి మీద పేలుతుందో ఒక్కసారి చూసే అలవాటు ఇక్కడే, ఈ చదువులోనే చేసుకోవాలి.